రామక్కకు ఇంకో బాటిల్

పెళ్లయి ఇరవై ఏడు రోజులైంది. అందుకని శ్యామలకు లోకంలో జరిగే ప్రతి చిన్న సంగతీ తన ముచ్చట కోసమే జరుగుతున్నట్టు ఉండేది. హాస్టల్ కిటికీ చువ్వల మీద వాన చినుకులు వరసగా వేలాడితే ఆనందం. ఇడ్లీబండి ఆయన అడక్కుండానే ఇంకో గరిటె అల్లం చట్నీ వేస్తే ఆనందం. ఆషాఢం వచ్చి కొత్త జంటను విడదీసి తనను భద్రాచలంలోనూ మొగుణ్ణి వైరాలోనూ పడేస్తే, అందులో కూడా ఒక ఆనందం వెతుక్కుంది. ఫోను మోగినప్పుడల్లా గుండె ఝల్లుమనడమే ఆ ఆనందం.

మొగుడి పేరు శివ. వైరా రిజర్వాయరు దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టర్. రోజూ పొద్దున ఆరింటికి గట్టు మీద నిలబడి, స్కేలు చూసి, నీళ్లు ఎన్ని అడుగులున్నాయో రాసుకుని, ఆ మరుక్షణం పెళ్లానికి ఫోను చేస్తాడు.

"పదహారు అడుగుల నాలుగు అంగుళాలు," అంటాడు. అతని ప్రేమ మాటలు అక్కణ్ణుంచే మొదలవుతాయి.

"ఇక్కడ గోదారి ముప్పై తొమ్మిది," అంటుంది శ్యామల, పళ్లు తోముకుంటూనే.

"నీదేమో గోదారి, నాదేమో చెరువు. నీతోని నేనేడ సరితూగుత?"

"సరితూగకపోతె సరితూగకపోయినవ్. అన్నం తిన్నవా లేదా?"

"పొద్దుగాల ఆరింటికి అన్నమేంది శ్యామూ!"

ఇంత పిచ్చి మాటకు ఇద్దరూ రెండు నిమిషాలు నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు ముఖం మీద ఆరకముందే శ్యామల డ్యూటీకి వచ్చేది. గోదావరి గట్టుకు కొంచెం ఎడంగా ఉన్న దవాఖానాలో ఆరు మంచాల ఐసీయూ అది. హెడ్ నర్సు కళావతి గుమ్మంలోనే పట్టుకునేది.

"వచ్చినవా పెండ్లికూతురా? మనిషి ఈడ, పానం వైరాల. సెలైన్‌ల వైరా నీళ్లు కలిపి ఎక్కిస్తదేమో ఈ పిల్ల, జర చూస్కోండ్రి."

శ్యామల సిగ్గుపడుతూనే గాజులు తీసి జేబులో వేసుకునేది. మోచేతి కింద ఏమీ ఉండకూడదని ఐసీయూ నియమం. అరచేతుల్లోని ఆషాఢం గోరింటాకును మాత్రం తీయమనేవాళ్లు లేరు. గ్లౌజులు వేసుకునే ముందు ఒకసారి, తీసిన తర్వాత ఒకసారి దాన్ని చూసుకుని మురిసిపోయేది.

ఆ రోజు మాత్రం గోరింటాకు చూసుకునే తీరిక దొరకలేదు. మూడో మంచం మీద రామక్క ఉంది.

రామక్కది పర్ణశాల దాటి లోపలికి పోతే వచ్చే కోయగూడెం. నలభై ఐదేళ్ల సన్నటి మనిషి. వానలు పడగానే వెదురుకొమ్ముల కోసం అడవికి వెళ్లింది. కంటికి కనపడనంత చిన్న పురుగు ఏదో చంకలో కుట్టింది. ఆమెకు తెలియనే లేదు. వారం జ్వరం. ఊరి ఆర్‌ఎంపీ ఇంటి చూరుకు బాటిల్ వేలాడదీసి మూడు సెలైన్లు ఎక్కించాడు. దారిలో ఇంకో చోట రెండు ఎక్కించారు. నిన్న సాయంత్రం ఇక్కడికి వచ్చేసరికి బీపీ చేతికి అందడం లేదు. డాక్టర్ ఖాలిద్ ఆమె చెయ్యెత్తి చూసి, చంకలో శనగబద్దంత నల్లటి పక్కును కనిపెట్టి, "దొరికింది దొంగ," అని సరైన మందు మొదలుపెట్టాడు. ఇంకో బాటిల్ ఎక్కించాడు. బీపీ నిలబెట్టే మందును సిరంజి పంపులో చిన్న మోతాదులో పెట్టాడు.

పురుగు కాటు జ్వరానికి పెట్టిన మందు పని చేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అంతవరకూ రామక్క బతికి ఉండాలి. ఇక అన్నీ వదిలేసి ఆలోచించాల్సింది ఒక్కటే: ఆమెకు ఇంకో బాటిల్ కావాలా, వద్దా?

పొద్దున పది గంటలకు పై బీపీ ఎనభై నాలుగు. మూత్రం సంచిలో రాత్రంతా కలిపి అరగ్లాసు కూడా లేదు. పెదవులు ఎండిపోయాయి. చూసినవాళ్లెవరైనా ఎండిపోయిన మనిషి అనే అంటారు. గుమ్మం అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డ ఆమె మొగుడు భీమయ్య అదే అన్నాడు.

"సిస్టరమ్మా, ఇంకో బాటిల్ ఎక్కియ్యుండ్రి తల్లీ. ఊర్ల మా డాక్టరు అడగంగనే ఎక్కిస్తుండె. ఇంత పెద్ద దవాఖానా, మీకు ఒక బాటిల్‌కు కరువా?"

"బాటిల్‌కు కరువు లేదు పెద్దాయనా. డాక్టర్ సారు చూస్తున్నడు."

"చూసుడేంది? నాటేసిన మడి నెర్రెలు బారుతుంటె చూస్కుంట కూసుంటమా?"

శ్యామల వెనక్కి తిరిగి రామక్కను చూసింది. ఆ ఎండిన పెదవులు ఆమెకూ కనిపిస్తున్నాయి. కానీ రామక్క వీపు మీద స్టెతస్కోప్ పెట్టినప్పుడు, అడుగున, కొత్త పట్టుచీర మడత విప్పుతుంటే వచ్చేలాంటి సన్నటి చప్పుడు కూడా వినిపించింది. అది ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతున్న చప్పుడు. తను ఐసీయూలో చేరిన కొత్తలో ఒకాయనకు ఇలాగే బీపీ పడిపోతుంటే బాటిల్ మీద బాటిల్ పోశారు. సాయంత్రానికి ఆయన నోటి నుంచి నురగ వచ్చింది. నీళ్లు లేక పోతాడనుకున్న మనిషి పొడి మంచం మీద మునిగిపోయాడు. ఆ నురగ తుడిచిన చెయ్యి తనదే.

డాక్టర్ ఖాలిద్ ఎకో మిషన్ తోసుకుంటూ వచ్చాడు. ఖమ్మంలో తాతలనాటి గుడ్డల దుకాణం ఉన్న కుటుంబం ఆయనది. బట్ట చేత్తో పట్టుకుని నాణ్యం చెప్పే తాత పోలికే అనేవారు, మనిషి చెయ్యి పట్టుకుని జ్వరం చెప్పే ఆయన్ను. నిన్న పొద్దున డ్యూటీ ఎక్కిన మనిషి, ఇంకా ఇంటికి పోలేదు. కళ్లు దానిమ్మ గింజల్లా ఉన్నాయి.

"శ్యామలా, కాళ్లు లేపి చూద్దాం."

ఆ పరీక్ష పేరు వింటేనే శ్యామలకు ఒళ్లు పులకరిస్తుంది. చదువుకునేటప్పుడు పుస్తకంలో రెండు లైన్లుండేది. ఆ రెండు లైన్లలో ఎంత వింత ఉందో ఇక్కడికి వచ్చాకే, మొదటిసారి ఖాలిద్ సారు చెప్పినప్పుడే తెలిసింది.

"మన కాళ్లల్ల దేవుడు ఒక బాటిల్ దాచిపెట్టిండు," అన్నాడాయన అప్పుడు. "నడుం కింద నరాల్ల పావు లీటరు పైన రక్తం ఊర్కెనే నిలబడి ఉంటది. మనిషిని ఏటవాలుగ కూసోబెట్టి, ఉన్నట్టుండి తల కిందికి, కాళ్లు పైకి చేసినమనుకో, ఆ రక్తమంత గుండెకు పోతది. గుండెల ఇంకా జాగా ఉంటె, వచ్చిన రక్తాన్ని పట్టుకుని దెబ్బదెబ్బకూ ఇంకింత బయటికి తోస్తది. అంటే నీళ్లు పోస్తె తీసుకుంటది అని. జాగా లేకుంటె ఏం మారదు. అంటే పోసిన నీళ్లు ఊపిరితిత్తులల్లకు పోతయి అని. ఒక్క నిమిషంల తేలిపోతది."

"తేలినంక, సార్?"

"కాళ్లు దించుడే. ఆ రక్తం మళ్లీ కాళ్లల్లకు పోతది. బాటిల్ ఎక్కిస్తె వెనక్కి తీయలేం కద. ఇది తీయచ్చు. ఎవరిదో కాదు, వాళ్లదే. చుక్క ఖర్చు లేదు."

ఆ రోజంతా శ్యామల దారిన పోయే ప్రతి మనిషి కాళ్ల వంకా చూసింది. గుడి మెట్లెక్కుతున్న యాత్రికుల కాళ్లు, అరటిగెల మోస్తున్న హమాలీ కాళ్లు, బురదలో ఎగిరే పిల్లల కాళ్లు. అందరూ తమకు తెలియకుండానే ఒక్కో సీసా మోసుకుని తిరుగుతున్నారు! ఆ సాయంత్రం అప్పటికి ఇంకా కాబోయే మొగుడైన శివకు ఫోనులో చెబితే, అతను "కాలవకు నీళ్లు వదిలే ముందు మేం ఒక జానెడు షట్టర్ లేపి చూస్తం. చివరి మడి దాక పోయినయంటె, అప్పుడు పూర్తిగ లేపుతం. మీ దేవుడు మా డిపార్ట్‌మెంటోడే," అన్నాడు. అతణ్ణి తప్ప ఇంకెవరినీ చేసుకోకూడదని శ్యామల తేల్చుకున్నది ఆ మాటకే.

ఇప్పుడు మూడో మంచం దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఆ మంచానికి మూడు హ్యాండిళ్లున్నాయి. ఒకటి వీపు లేపడానికి, ఒకటి మోకాళ్లు వంచడానికి. మంచాన్ని మొత్తంగా తల కిందికి, కాళ్లు పైకి వచ్చేట్టు వాల్చే మూడోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. శ్యామల రెండు చేతులా తిప్పింది. కదల్లేదు.

"బాగుచేసేటాయన ఖమ్మం నుంచి రావాలె సార్. గురువారం వస్తడు," అంది కళావతి.

"గురువారం దాక ఈమె ఆగదు." ఖాలిద్ మొహం రుద్దుకున్నాడు. "చేతుల్తోనే లేపుదాం. శ్యామలా, వీపు వైపు దించి, కాళ్లు నువ్వు పట్టుకో. నేను గుండె చూస్త."

ఆయన రామక్క రొమ్ము పక్కన ప్రోబ్ ఆనించి, ఎకో తెర వైపు తిరిగాడు. గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తం బయటికి తోస్తోందో తెలిపే అంకె ఆ తెర మీద ఉంటుంది. పదమూడు.

శ్యామల మంచం వీపు దించి, కాళ్ల వైపు వంగి, రామక్క రెండు మడమలూ రెండు అరచేతుల్లోకి తీసుకుని పైకెత్తింది. ఎంత తేలికగా ఉన్నాయో ఆ కాళ్లు! అడవి దారుల్లో నడిచి నడిచి రాటుదేలిన మడమలు, ఒక వేలికి అరిగిపోయిన కంచు మట్టె. వంగినప్పుడు శ్యామల మెడలోని పసుపుతాడు, నల్లపూసలు ఆప్రాన్ మీదికి జారి వేలాడాయి.

అంతవరకూ మగతగా ఉన్న రామక్క కళ్లు తెరిచింది. తన పాదాలు పట్టుకున్న పిల్లను చూసింది. ఆ పిల్ల మెడలోని పచ్చటి తాడును చూసింది. ఆక్సిజన్ మాస్కు వెనక ఏదో గబగబా కోయభాషలో అంది. కాళ్లు వెనక్కి లాక్కోబోయింది. చేతకాక, వణుకుతున్న రెండు చేతులూ కలిపి దండం పెట్టింది.

"పదిహేనున్నర," అన్నాడు ఖాలిద్ తెర మీంచి చూపు తిప్పకుండా. ఆయన గొంతులోంచి అలసట ఒక్కసారిగా దిగిపోయింది. "బాగ పెరిగింది. గుండె అడుగుతున్నది శ్యామలా. ఐదు వందల బాటిల్ పెట్టు. జల్దీ పోనీ."

అద్దం అవతలి నుంచి భీమయ్య చేతులెత్తి మొక్కాడు. సంగతి అర్థం కాకపోయినా బాటిల్ కనిపించింది అతనికి.

శ్యామల కాళ్లు దించింది. కొత్త బాటిల్ తెచ్చి స్టాండుకు తగిలించింది. గొట్టం కలిపింది. ఇక డ్రిప్ చక్రాన్ని బొటనవేలితో ఒక్క తోపు తోస్తే చాలు.

బొటనవేలు ఆగిపోయింది.

ఆమె కళ్లు మానిటర్ మీద ఉన్నాయి. కాళ్లు ఎత్తకముందు పల్స్ నూట పదహారు. ఎత్తినప్పుడు నూట ముప్పై నాలుగు. దించి రెండు నిమిషాలైంది, ఇంకా నూట ముప్పై. కాళ్లలోంచి రక్తం వచ్చి గుండె నిండితే, గుండె నిమ్మళంగా బరువుగా కొట్టుకోవాలి కదా. ఇలా ఎగిరిపడటమేంటి?

అప్పుడే, ఆ ఐసీయూ మధ్యలో, ఆమెకు తన పెళ్లి గుర్తొచ్చింది.

ఖమ్మంలో ఫంక్షన్ హాలు, సన్నాయి, మీద పడుతున్న తలంబ్రాల బియ్యం. పంతులు సన్నికల్లు తెప్పించి, "అబ్బాయీ, అమ్మాయి కుడికాలు పట్టుకుని రాతి మీద పెట్టు," అన్నాడు. శివ వంగి, అందరి ముందూ, తన మడమను అరచేతిలోకి తీసుకున్నాడు. అంతే. కాలు వెనక్కి లాక్కోబోయింది తను. గుండె ఎంతగా కొట్టుకుందంటే, సన్నాయి వినపడలేదు. మట్టెలు తొడిగేదాకా, తొడిగిన తర్వాత కూడా, చెవుల్లో అదే దడదడ. వెనకాల స్నేహితురాలు, "ఏందే, బీపీ మిషన్ తేవాల్నా?" అని గిల్లింది.

ఆ దడదడలో నీళ్లు ఎక్కడున్నాయి?

శ్యామల చక్రం మీంచి వేలు తీసేసింది.  చెప్పడమా, ఊరుకోవడమా? తను చెప్పింది తప్పయితే, నీళ్లు కావాల్సిన మనిషికి నీళ్లు ఆపిన పాపం తనది. ఊరుకుని అది తప్పయితే, ఆ నురగ మళ్లీ తుడవాలి.

"సార్, ఆ అంకె నిజం కాదేమో."

ఖాలిద్ కేస్ షీట్ మీంచి తలెత్తాడు. కళావతి కూడా తలెత్తింది.

"నేను కాళ్లు పట్టుకోంగనే ఆమె ఉలిక్కిపడ్డది సార్. దండం పెట్టింది. పల్స్ పద్దెనిమిది పెరిగింది. నీళ్లకు కాదు సార్, సిగ్గుకు."

"సిగ్గుకు అని నీకెట్ల తెలుసు?"

శ్యామల చెవుల దాకా ఎర్రబడింది. "కాలు ఎవరన్న పట్టుకుంటె గుండె అట్లనే కొట్టుకుంటది సార్. నాకు తెలుసు."

"ఓహో!" అంది కళావతి చెంప మీద వేలు పెట్టుకుని. "పెండ్లి చేసుకుంటె గిన్ని తెలుస్తయా ఏంది!"

ఖాలిద్ నవ్వలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి భీమయ్యను లోపలికి పిలిచాడు. భీమయ్య చెప్పులు విడిచి, బాటిల్ వైపే చూస్తూ వచ్చాడు.

"పెద్దాయనా, ఇందాక మీ ఇంటామె ఏమన్నదో అడుగు."

భీమయ్య మాస్కు దగ్గర చెవి పెట్టాడు. కోయభాషలో అడిగాడు. రామక్క రొప్పుతూ నాలుగు ముక్కలు చెప్పింది. అతను తల వంచుకున్నాడు.

"ఏం లేదు సారూ, పిచ్చి మాట. ఆ పెండ్లిపిల్ల తోని నా కాళ్లు పట్టియ్యకుండ్రి అంటది. మా ఇంట్ల కొత్త కోడలు గడప కాడికి వస్తె అత్తనే కాళ్లు కడిగి లోపలికి తీస్కపోవాలె. మొన్న ఎండకాలం మా కోడలికి ఇదే కడిగింది. గట్లాంటిది, పసుపుతాడు ఇంక వెలవని పిల్ల వచ్చి నా కాళ్లు మోస్తె నాకు దోసం కాదా, నేను సచ్చినా మంచిదే అని ఏడుస్తంది."

 ఖాలిద్ స్టాండుకు వేలాడుతున్న బాటిల్ వైపు చూశాడు, మానిటర్ వైపు చూశాడు.

"నేను ఎకోనే చూస్తున్న. మొహం చూడలే," అన్నాడు మెల్లగా. తర్వాత గొంతు మారింది. "ఎవ్వరూ కాళ్లు ముట్టుకోకుండ లేపాలె. ఆమెకు తెలియకుండ లేపాలె. ఆ హ్యాండిల్ తిరగాల్సిందే. పది నిమిషాలు. అంతకంటె నేను ఆగలేను. బీపీ ఇంకా పడితె బాటిల్ పెట్టేస్త."

కళావతి తలుపు బందులకు వేసే నూనె కోసం స్టోర్ రూముకు పరుగెత్తి ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. శ్యామల మోకాళ్ల మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుని వేలాడింది. గోరింటాకు చేతులకు తుప్పు అంటుకుంది కానీ హ్యాండిల్ మాత్రం చలించలేదు. మానిటర్ మీద ఎనభై రెండు. మళ్లీ ఎనభై.

"ఏం చేస్తున్నరమ్మా మీరు?" అన్నాడు భీమయ్య.

"ఇది తిరిగితె, ఇంకో బాటిల్ కావాల్నో వద్దో రామక్క గుండెనే చెప్తది పెద్దాయనా."

భీమయ్యకు ఆ మాట ఎంత ఎక్కిందో గానీ, బిగిసిన ఇనుము సంగతి మాత్రం బాగా ఎక్కింది. గుమ్మం బయట వదిలిన గుడ్డసంచి తెచ్చి విప్పాడు. అందులో కడిగి ఆరబెట్టిన మూడు ఖాళీ సెలైన్ బాటిళ్లున్నాయి. ఊళ్లో ఎక్కించినవే. తేనె పోసుకోవడానికి పనికొస్తాయని పారేయలేదు. వాటి కింద ఒక చిన్న సీసా ఉంది. మూత తీయగానే ఐసీయూ స్పిరిట్ వాసన మధ్య అడవి వాసన గుప్పుమంది.

"ఇప్పనూనె. దీని కాళ్లకు రాద్దామని తెచ్చిన. బండి ఇరుసుకు కూడా ఇదే పోస్తం."

అతను నేల మీద పడుకుని, మంచం కిందికి తల దూర్చి, మరచుట్టు పొడుగునా నూనె పోశాడు. కాసేపు ఆగాడు. అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. ఎడ్లబండి చక్రాన్ని అదిలించినట్టు హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపాడు. కిర్రుమంది. ఇంకో ఊపు. పావు చుట్టు తిరిగింది.

"అగో, వచ్చింది!" అంది కళావతి చిన్నపిల్లలా.

రామక్క కళ్లు మూసుకుని ఉంది. పల్స్ మళ్లీ నూట పదహారుకు దిగేదాకా ఆగారు. ఖాలిద్ ప్రోబ్ ఆనించాడు. పదమూడు. శ్యామల రామక్క తల దగ్గర నిలబడి, పసుపుతాడు ఆప్రాన్ లోపల దోపుకుని, ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. భీమయ్య హ్యాండిల్ తిప్పాడు, గుడిసెలో నిద్రపోతున్న పసిబిడ్డ ఉయ్యాల ఊపినంత నెమ్మదిగా. మంచం వాలింది. తల దిగింది, కాళ్లు లేచాయి. రామక్క కనురెప్ప కూడా కదల్లేదు.

శ్యామల ఆ కాళ్ల వైపు చూసింది. ఆ క్షణాన ఆ సన్నటి పిక్కల్లోంచి, తొడల్లోంచి, ఆమె సొంత రక్తం ఆమె గుండె గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంటుంది. చప్పుడు లేకుండా, ఎవరికీ కనపడకుండా. గుండె ఏమంటుంది? రమ్మంటుందా, జాగా లేదంటుందా? 

"పదమూడు," అన్నాడు ఖాలిద్.

పది సెకన్లు. ఇరవై.

"పదమూడు."

పల్స్ నూట పదహారు. నిమిషం నిండింది.

"పదమూడు పాయింట్ రెండు. చాలు, దించు పెద్దాయనా." ఖాలిద్ ప్రోబ్ తీసి, కుర్చీలో కూలబడ్డాడు. "జాగా లేదు. ఆ బాటిల్ పోసి ఉంటే..." ఆయన వేలితో స్టాండు చూపించాడు. "తీసెయ్ శ్యామలా. బీపీ మందు పెంచుదాం. నీళ్లు చుక్క వద్దు."

శ్యామల బాటిల్ దించింది. నిండు బాటిల్. ఇందాక బొటనవేలు ఒక్క తోపు తోసుంటే ఈపాటికి సగం లోపల ఉండేది. చేతిలో అది అరలీటరు బరువే కానీ, రెండు చేతులా పట్టుకుని బల్ల మీద పెట్టింది.

భీమయ్య తెల్లబోయి చూశాడు. "ఇంత కష్టపడి తిప్పింది, బాటిల్ తీసెయ్యనీకా?"

"అవ్ పెద్దాయనా," అంది శ్యామల. కళ్లల్లో నీళ్లు, పెదాల మీద నవ్వు, రెండూ ఒకేసారి వచ్చాయి. "మడి ఎండలేదు. నిండిపోయి ఉంది. గట్టు తెగకుండ చూసినం."

 భీమయ్య సీసా మూత బిగించి, "గట్ల చెప్పు మరి," అన్నాడు.

మందు పెంచిన గంటకు బీపీ తొంభై రెండు. మధ్యాహ్నానికి తొంభై ఎనిమిది. నాలుగింటికి శ్యామల మూత్రం సంచి దగ్గర వంగి, గొట్టంలో మెల్లగా పాకుతున్న పసుపురంగు చుక్కను చూసింది. దాని వెనక ఇంకొకటి. ఆమె డ్యూటీ అయిపోయినా కదల్లేదు. పెళ్లి హారతి కూడా అంత ముచ్చటగా చూసి ఉండదు.

"పోవే తల్లీ, మీ ఆయన ఫోను చేస్తుంటడు," అంది కళావతి. పోతూ పోతూ తనే ఆగి, ఆ సంచి వైపు ఇంకోసారి చూసింది.

మర్నాడు జ్వరం విడిచింది. రామక్క ఒళ్లంతా చెమట, దుప్పటి తడిసిపోయింది. మధ్యాహ్నం బీపీ మళ్లీ కొంచెం జారింది. భీమయ్య అడక్కముందే వచ్చి హ్యాండిల్ దగ్గర కూర్చున్నాడు. మంచం వాలింది.

పద్నాలుగు. పదిహేను. పదిహేడు. పల్స్ నూట నాలుగు నుంచి వందకు దిగింది. నిన్న జాగా లేదన్న గుండె ఇవాళ తలుపు తెరిచింది!

"ఇప్పుడు పెట్టు," అన్నాడు ఖాలిద్. "సగం చాలు. మెల్లగ."

శ్యామల బొటనవేలితో చక్రం తోసింది. చుక్క, చుక్క, చుక్క. నిన్న విషమయ్యేది ఇవాళ ప్రాణం. అదే ఉప్పునీళ్లు, అదే మనిషి. తేడా ఆ మనిషి లోపలే ఉంది, అడిగితే చెబుతుంది, ఉలిక్కిపడకుండా అడగాలి అంతే. ఈ సంగతి ఫోనులో శివకు చెప్పబోయి, మనసులో ఆ చుక్కలే మళ్లీ లెక్కపెట్టుకుంటూ ఉండిపోయింది. అతను అవతల, "హలో, హలో, సిగ్నల్ లేదా?" అని అరుస్తున్నాడు.

అయిదో రోజు రామక్కను మామూలు వార్డుకు మార్చారు. పొద్దున డ్యూటీకి వస్తున్న శ్యామలను వరండాలో భీమయ్య ఆపాడు. గోడకు ఆనుకుని రామక్క కూర్చుని ఉంది. ఒంటి మీద శుభ్రమైన చీర, చేతిలో చిటికెడు పసుపు.

"చెప్పులు విడువు బిడ్డా," అంది. ఆమె గొంతు శ్యామల సరిగా వినడం అదే మొదటిసారి.

"అయ్యో, వద్దు రామక్కా! నువ్వు పెద్దదానివి, నాకు..."

"నా కాళ్లు నువ్వు మోసినవ్. ఆ బరువు నా మీద పెట్టుకుని ఊరికెట్ల పోదును?"

"విడువు సిస్టరమ్మా, దాని తోని వాదిచ్చుడు అయ్యేదా," అన్నాడు భీమయ్య. సంచిలోంచి ఖాళీ సెలైన్ బాటిల్ ఒకటి తీశాడు. అందులో నిండా నీళ్లు. గొట్టం తగిలించే చోట చిన్న రంధ్రం చేసి ఉంది. "ఆరోజు మీరు ఎక్కియ్యకపోతిరి. ఇయ్యాల మేమే ఎక్కిస్తున్నం."

దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. మందుల గది దగ్గర నుంచి కళావతి ఫోను పట్టుకుని ఫొటో తీస్తోంది. శ్యామల చెప్పులు విడిచింది. రామక్క వంగి, ఆమె కుడి మడమను అరచేతిలోకి తీసుకుంది. అడవి గరుకుదనం ఉన్న అరచెయ్యి, వెచ్చగా. బాటిల్ నుంచి నీళ్లు సన్నటి ధారగా మట్టెల మీద పడ్డాయి.

గుండె దడదడలాడింది. శ్యామల నవ్వు ఆపుకోలేక, అలవాటు కొద్దీ, తన మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి వరండా గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది.

అప్పుడే ఫోను మోగింది. ఆరింటికి రావాల్సింది, ఇవాళ ఆలస్యం చేశాడు.

"పదిహేడు అడుగుల ఒక అంగుళం," అన్నాడు శివ.

"నూట పద్దెనిమిది," అంది శ్యామల.

"ఏంది, గోదారి నూట పద్దెనిమిది అడుగులా!"

"గోదారి కాదు శివా, నేనే," అంది. రామక్క అప్పటికి రెండో కాలు పట్టుకుంది.